పాసమ్‌కు తొడిగిన గౌను

పాసమ్‌ల వేట ముగిసిన ఆదివారం నాడు మా బడి పిల్లలు పెద్దల సాయంతో చచ్చిన పాసమ్‌లకు బట్టలు తొడిగి పోటీకి పెడతారు. ఇదేం పాడు సరదా అని పట్నాలవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీండి. బడి బస్సుకు కొత్త టైర్లు వచ్చింది ఈ వేటలో వచ్చిన డబ్బుల పుణ్యమా అనే. పైగా చెట్ల మీద బతికే, పిల్లి అంత ఉండే ఈ పాసమ్ మీద జాలిపడే ఖర్మ ఈ కాట్లిన్స్ కొండల కింద ఎవరికీ పట్టలేదు. రాటా చెట్లను చిగురు చిగురూ నమిలి మోళ్ళు చేసింది అదే. కెరెరూ పావురాల గూళ్ళలో గుడ్లు మింగింది అదే. మందలకు క్షయ అంటించిందీ అదే. బొచ్చు కోసం సముద్రం అవతలి నుంచి తెచ్చి వదిలిన మా ముత్తాతలను తిట్టుకుంటూ, దొరికినదాన్ని దొరికినట్టు చంపుతూ బతుకుతున్నాం.

ఊరందరిదీ ఒక దారి, కెరిన్‌ది ఒక దారి. ఆమె పుట్టింది ఆ సముద్రం అవతలే, ఆస్ట్రేలియాలో. అక్కడ ఇదే పాసమ్‌ను ముట్టుకుంటే కేసు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారింట్లో భోజనాల బల్ల దగ్గర నోరు జారింది. వాళ్ళ ఇంటి కప్పులో దూరిన పాసమ్ కోసం వాళ్ళ నాన్న చెక్కపెట్టె చేసి చెట్టుకు కట్టాడని చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఫోర్కులు కింద పెట్టారు. అత్తగారు ఊనా మాత్రం గొర్రెమాంసం నములుతూనే, "అద్దె కూడా వసూలు చేసేవాడా మీ నాన్న?" అని అడిగింది. ఆ రాత్రి నుంచి కెరిన్‌కు ఊళ్ళో ఆస్ట్రేలియా రాణి అన్న పేరు స్థిరపడింది.

ఊనా నోటికి జడవనివాళ్ళు మా వైపు లేరు. ఒకప్పుడు పాసమ్‌ల వల్ల క్షయ సోకి, ఆమె మంద మొత్తాన్ని కబేళా లారీలెక్కించారు. ఆ శీతాకాలమే భర్త గుండె ఆగి పోయాడు. పాతిపెట్టి వచ్చిన సాయంత్రమే ఆయన బట్టలన్నీ, టోపీతో సహా, పెరట్లో వేసి కాల్చేసింది. పోయినవాళ్ళ వస్తువులు దాచుకోవడమంటే ఆమెకు ఒళ్ళుమంట. తనకు లేని మెత్తదనం ఇంకొకరికి ఉంటే దాన్ని జబ్బుగానే చూసేది.

ఈసారి పోటీ ఊనా ఇంటి పక్కనున్న ఉన్నికొట్టంలో పెట్టారు. కెరిన్ వంతు వంటగది. తెల్లవారిన దగ్గర నుంచి చీజ్ రోల్స్ కాల్చి కాల్చి, మధ్యాహ్నానికి పెద్ద పళ్ళెం పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. కొట్టం వెనక భర్త లాకీ పాసమ్‌లను తూకం వేస్తున్నాడు. లోపల పొడవాటి బల్ల మీద చచ్చినవి వరసగా కొలువుదీరాయి. ఒకటి పెళ్ళికొడుకు, ఒకటి పెళ్ళికూతురు, ఒకటి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తువ్వాలు మీద పడుకుంది, ఒకటి రగ్బీ ఆటగాడు. కెరిన్ ఎప్పటిలాగే అటు చూడకుండా పళ్ళెం దించబోయింది.

"అమ్మా, మాది చూడవా!" అంటూ కూతురు ఫ్లోరా వచ్చి చెయ్యి పట్టి లాగింది. ఆ ఏడాదే బళ్ళో చేరిన పిల్ల అది, నానమ్మ ఊనాను గ్రాన్ అంటుంది. "అన్నిటికన్నా మాదే బావుందట. గ్రాన్, నేను కలిసి చేశాం!"

బొమ్మల తోపుడుబండిలో చిన్న పాసమ్ ఒకటి పసిబిడ్డలా వెల్లకిలా పడుకుని ఉంది. దానికి తెల్లటి ఉన్ని గౌను. మెడ దగ్గర నీలం రిబ్బను ముడి.

కెరిన్ చేతిలో పళ్ళెం ఒరిగింది. రోల్స్ రెండు దొర్లి చెక్కనేల మీద పడ్డాయి.

ఆ గౌను ఆమె అల్లినదే. నెలలు నిండకుండా పుట్టిన కొడుక్కి ఆసుపత్రి బట్టలేవీ పట్టకపోతే, ఇన్‌క్యుబేటర్ పక్కన కూర్చుని అల్లింది. ఇన్నిస్ అని పేరు పెట్టుకున్న ఆ పిల్లవాడు అందులో ఒక్క పూట ఉన్నాడు. తీసేసినప్పటి నుంచి ఆమె దాన్ని ఉతకలేదు. ఉతికితే వాడి వాసన పోతుంది. మూడేళ్ళుగా సొరుగులో తలగడగుడ్డ మధ్య పెట్టి, ఎప్పుడో తట్టుకోలేనినాడు తీసి ముక్కుకు ఆనించుకునేది. వాడిదంటూ మిగిలింది ఆ వాసన ఒక్కటే. తమ్ముడొకడు పుట్టి పోయాడని ఫ్లోరాకు ఇంకా చెప్పలేదు.

"ఎక్కడిదే ఈ గౌను?" అని అడిగింది కెరిన్.

"నీ సొరుగులోదే. గ్రాన్ తెమ్మంది. బొమ్మ గౌనట కదా! సరిగ్గా పట్టింది చూడు."

పట్టక ఏమవుతుంది? ఊనా లెక్క తప్పదు. ఆమె అప్పటికే బల్ల అవతల నలుగురిని పోగేసుకుని పాఠం చెబుతోంది. "మీరందరూ కట్టెల్లా బిగుసుకుపోయినవాటికి బట్టలు తొడిగారర్రా. నెవిల్, నీ పెళ్ళికొడుకు చెయ్యి విరిచావు కదూ, నిజం చెప్పు. దీన్ని పొద్దున్నే కోళ్ళగూడు పక్క ఉచ్చులోంచి తీసి, సుత్తికర్రతో ఒక్కటిచ్చా. వేడి మీదుండగానే తొడిగెయ్యాలి. పసిపిల్లకు తొడిగినంత హాయిగా వెళ్ళిపోతాయి చేతులు."

కెరిన్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉన్నిమూటల వెనక్కి తీసుకుపోయింది. "అదేంటో తెలుసా మీకు?"

"తెలీక? ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా కదా."

"తెలిసే చేశారా?"

"తెలిసే చేశా. మూడేళ్ళుగా ఆ సొరుగు ఇంట్లో సమాధిలా కూర్చుంది. దాంట్లో ఏముందో అని నా మనవరాలు ఆ గదిలోకే పోయేది కాదు. ఇవాళ అదే గౌను పట్టుకుని ఎలా నవ్విందో నువ్వు చూడలేదు. చిమ్మెటలకు మేపేకంటే పిల్లలు నవ్వుకోవడం మంచిది కాదూ?"

"తీసెయ్యండి. ఇప్పుడే."

"నువ్వే తియ్యి." ఊనా మోచెయ్యి విడిపించుకుంది. "అదుగో, బండి పక్కనే నిలబడింది నీ కూతురు. వెళ్ళి, ఎందుకు తీస్తున్నావో దానికి కూడా చెప్పి మరీ తియ్యి. నీకు ఆ ధైర్యం ఉంటే మూడేళ్ళ క్రితమే చెప్పేదానివి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత. ఇక్కడ కోడలి కడుపుకోతను అత్తే పదిమందికీ పంచిపెట్టింది. పుండు ఎక్కడుందో తెలిసిన మనిషే కారం చల్లితే ఆ మంట వేరు. కెరిన్‌కు ఆమెను అక్కడే గోళ్ళతో రక్కాలనిపించింది. కానీ మూటల సందులోంచి ఫ్లోరా కనిపిస్తోంది. వచ్చినవాళ్ళందరికీ బండి చూపించి మురిసిపోతోంది. కాస్త ఓర్చుకుంటే బహుమతులు అయిపోతాయి, అప్పుడు బండితో సహా వెనక్కి తీసుకుపోయి విప్పుకుంటా అనుకుంది. కొంచెం వాసనైనా మిగలకపోతుందా అని ఆశపడింది. వెళ్ళి కూతురి పక్కన నిలబడి, చూడటానికి వచ్చినవాళ్ళందరికీ నవ్వు మొహం పెట్టింది.

"అబ్బో, ఆస్ట్రేలియా రాణిగారు కూడా దిగొచ్చారే!" అన్నాడు పక్క పొలం నెవిల్. "ఏమ్మా, మీ చుట్టానికి ఒంట్లో ఎలా ఉంది?"

"పడుకుంది," అంది ఫ్లోరా గంభీరంగా. అందరూ పగలబడి నవ్వారు. కెరిన్ కూడా నవ్వాల్సి వచ్చింది.

హెడ్‌మాస్టర్ పరాటా ఎప్పటిలాగే రెండు మాటలు మాట్లాడాడు. పోయినేడు పాసమ్‌లను మట్టుబెట్టినందుకు కొండ వాలున రాటా మళ్ళీ ఎర్రగా పూసిందనీ, పావురాలు కూడా నాలుగు ఎక్కువ కనిపిస్తున్నాయనీ అన్నాడు. తర్వాత మొదటి బహుమతి ఫ్లోరాదని చెప్పాడు. కొట్టం చప్పట్లతో మోగింది. ఆయన వంగి, ఎర్ర రిబ్బను పువ్వును గౌను గుండెల మీద పెట్టి పిన్నీసు గుచ్చాడు.

పిన్నీసు లోతుగా దిగినట్టుంది. పాసమ్ కళ్ళు తెరిచింది.

హెడ్‌మాస్టర్ కెవ్వుమన్నాడు. బండి బోల్తా పడింది. తెల్లగౌనులో ఉన్న ప్రాణి బల్ల మీదకు ఎగిరి, పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ తోసేసి, నెవిల్ భుజమెక్కి దూకి వాకిట్లోంచి బయటికి పరుగెత్తింది. కుక్కలు వెంటపడ్డాయి. కొట్టం ముందున్న మాక్రోకార్పా చెట్టును జరజరా ఎక్కి, ఇంటి కప్పంత ఎత్తున కొమ్మ మొదట్లో నక్కి కూర్చుంది. గౌను అంచు రెమ్మకు తగులుకుని సాగింది. చెట్టు కింద పోగైన జనం కడుపులు పట్టుకుని నవ్వారు.

"నటించిందర్రా! పొద్దుట్నుంచీ చచ్చినట్టు నటించింది దొంగముండ!" అన్నాడు నెవిల్ బుగ్గ మీద గీరును తుడుచుకుంటూ.

"నటించేది ఇది కాదయ్యా," అన్నాడు హెడ్‌మాస్టర్. ఆయన ఊపిరి ఇంకా కుదురుకోలేదు గానీ పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది? "అది అమెరికాలో ఉండే ఒపాసమ్. భయపడితే ఒళ్ళు మరిచి శవంలా పడిపోతుంది. పేరు కలిసింది గానీ అది వేరు జాతి. మన పాసమ్‌కు ఆ విద్య రాదు. దెబ్బ సరిగ్గా తగల్లేదు, స్పృహ తప్పింది, అంతే."

నవ్వులు ఒక్కసారి ఊనా వైపు తిరిగాయి. "ఏం ఊనా, ఒక్కటిచ్చా అన్నావు, ముద్దిచ్చావా ఏంటి?" అని ఎవరో అన్నారు. ఊనా కుడిచెయ్యి ఏప్రన్ జేబులో దాచుకుంది. రెండు శీతాకాలాలుగా ఆ చేతి కణుపులు వాచి ఉన్నాయి. సీసా మూతలు కూడా తిప్పలేకపోయేది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా మూతలు వదులు చేసి పెడుతున్నది కెరినే.

ఊనా మొహం కందిపోయింది. "చూస్తారేంటర్రా, కాల్చిపారెయ్యండి!" అని అరిచింది.

నెవిల్ బండి దగ్గరకు పోయి తన తుపాకీ తెచ్చాడు. బాతుల వేటకు వాడే రవ్వల తుపాకీ అది. ఒక్కసారి పేలిస్తే దోసెడు రవ్వలు చిమ్ముతాయి.

"అది వద్దు!" కెరిన్ గొంతు చెట్టు కింద గింగురుమంది. "నెవిల్, అది వద్దు, నీకు దణ్ణం పెడతా. గౌను చిల్లులు పడిపోతుంది."

"గౌను కోసం ఏడుస్తోందా, చుట్టం కోసం ఏడుస్తోందా?" అన్నాడు నెవిల్. మళ్ళీ నవ్వులు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుంది వాళ్ళ పని. ఎందుకు వద్దంటోందో ఒక్క మాటలో చెప్పేయవచ్చు. కానీ ఫ్లోరా ఆమె స్కర్టు పట్టుకుని నిలబడింది.

గోల విని కొట్టం వెనక నుంచి లాకీ వచ్చాడు. తల ఎత్తి చూశాడు. తెల్లగౌను, నీలం రిబ్బను. అతని మొహంలో రంగు పోయింది. పెళ్ళాం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"లాకీ, నువ్వు కొట్టు," అంది ఊనా. "నీ చేతిలో తప్పిపోదు. ఈ తమాషా అవగొట్టు."

లాకీ తన చిన్న రైఫిల్ తెచ్చాడు. ఒక్క తూటాది. తలకు గురిచూసి కొడితే గౌను జోలికి పోదు. భుజానికి ఎత్తాడు. కొమ్మ మీద పాసమ్ గౌనులోంచి చేతులు బయటపెట్టి, బెరడు పట్టుకుని వణుకుతోంది. తెల్లటి ఆ చిన్న గౌను చేతులు చూస్తూ లాకీ గొట్టం కిందికి దించేశాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"నావల్ల కావట్లేదు, కెర్రీ," అన్నాడు నెమ్మదిగా.

"అయితే తప్పుకో. నేను తుపాకీ తెచ్చింది అలంకారానికా?" నెవిల్ ముందుకొచ్చాడు. "దూరం జరగండి పిల్లలూ."

కెరిన్ మొగుడి చేతిలోంచి రైఫిల్ లాక్కుంది. ఊళ్ళో ఎవరూ ఎరగరు గానీ, పుట్టింట్లో ఆమె తండ్రితో కలిసి కుందేళ్ళు కొట్టేది. ఇక్కడికొచ్చాక తుపాకీ ముట్టలేదు. మెత్తటిదనుకుంటే అనుకోనీ అని వదిలేసింది. ఇప్పుడు చెట్టు మొదట్లో కాలు దన్ను పెట్టుకుని, ఊపిరి బిగబట్టి గురిచూసింది. గుబురులోంచి ఆ గుండ్రటి కళ్ళు తిన్నగా ఆమెనే చూస్తున్నాయి. పసివాడి గౌను వేసుకున్న ప్రాణిని చంపుతున్నానని ఆమెకు తెలుసు. తెలిసే కొట్టింది.

పాసమ్ కొమ్మలకు తగులుకుంటూ కిందపడింది. ఎగబడిన కుక్కను కెరిన్ కాలితో తన్ని, మోకాళ్ళ మీద కూర్చుని రిబ్బను ముడి విప్పింది. పిన్నీసు తీసి పారేసింది. ఒక్కొక్క చెయ్యే జాగ్రత్తగా లాగి గౌను తీసింది. అంచు చిరిగింది. మెడ చుట్టూ రక్తం అంటింది.

చుట్టూ చప్పట్లు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఈ చెయ్యి?" అంటూ నెవిల్ ఈల వేశాడు. ఆడవాళ్ళు భుజం తట్టారు. ఇన్నేళ్ళలో ఆమె కోసం ఆ ఊరు చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఊనా కూడా దగ్గరకొచ్చింది. ఆమె గొంతులో నిజంగానే సంతోషం ఉంది. అదే ఇంకా ఘోరం.

"ఇవాళ్టికి మా ఇంటి మనిషివయ్యావే. ఇక ఆ సొరుగు గోల వదిలేస్తావు చూడు."

కెరిన్ గౌనును ముక్కుకు ఆనించుకుంది. పాసమ్ కంపు, పచ్చి ఆకు వాసన, రక్తం. మడతలు తిప్పి లోపలి వైపు చూసింది, చంకల దగ్గర చూసింది. ఇంకేమీ లేదు. వాడు ఎక్కడా లేడు. ఆమెకు ఏడుపు రాలేదు. లోపల ఏదో తలుపు మూసుకున్నట్టయింది.

లేచి గౌనును ఊనా ముందుకు చాపింది.

"ఉతుకు."

"ఇలా తే. సాయంత్రం ఇంట్లో మెషీన్‌లో పడేస్తా."

"మెషీన్‌లో కాదు. ఇక్కడే, ఇప్పుడే. చేత్తో ఉతుకు. చన్నీళ్ళతోనే ఉతకాలి, వేడినీళ్ళకు రక్తం పట్టేస్తుంది. నీకు తెలియంది కాదుగా."

ఊనా నలుగురి వైపు చూసి నవ్వబోయింది. "చూశారా, తుపాకీ పట్టగానే అత్తకు పని చెబుతోంది."

"ఇది నా కొడుకు గౌను," అంది కెరిన్. గొంతు పెంచలేదు గానీ వాకిలి దాకా వినిపించింది. "ఇన్నిస్‌ది. నీ మనవడిది. వాడు చచ్చిపోయిన రోజున ఒంటి మీద ఉన్నది ఇదే. దీన్ని నా కూతురి చేత దొంగిలించి తెప్పించి, చావని పాసమ్‌కు తొడిగావు. ఉతుకు."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నెవిల్ టోపీ తీశాడు. హెడ్‌మాస్టర్ నేల చూశాడు.

"ఇన్నిస్ ఎవరమ్మా?" అని అడిగింది ఫ్లోరా. "నేను దొంగిలించలేదు. గ్రానే తెమ్మంది." ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. కెరిన్ ఆ వైపు తల కూడా తిప్పలేదు. నిజం చెప్పకుండా మూడేళ్ళు కాపాడుకున్న పిల్లను ఆ ఒక్క ఘడియలో గాలికి వదిలేసింది. లాకీయే కూతుర్ని ఎత్తుకున్నాడు.

కొట్టం గోడకు గొర్రెల తొట్టి మీద కుళాయి ఉంది. తొట్టి అంచుల్లో పొద్దుటి మంచు ఇంకా కరగలేదు. ఊనా నడిచి వెళ్ళి కుళాయి తిప్పబోయింది. కణుపులు వంగలేదు. రెండు చేతులూ వేసి తిప్పింది. నీళ్ళు పడుతుంటే మెడ దగ్గర నలపడం మొదలుపెట్టింది. చేతులు ఎర్రబడ్డాయి, తర్వాత నీలం తిరిగాయి. పిండబోతే గౌను చేతుల్లోంచి జారి తొట్టిలో పడింది. వంగి తీసుకుంది. ఆమె పళ్ళు టకటక కొట్టుకోవడం దగ్గరున్నవాళ్ళకు వినిపించింది. ఒక్కరూ సాయానికి కదల్లేదు. ఆమె నోటిపోటు తినని గుమ్మం ఆ చుట్టుపక్కల లేదు మరి.

"చాలు కెర్రీ," అన్నాడు లాకీ. "అమ్మ చేతులు చూడు."

"చూస్తున్నాను," అంది కెరిన్.

జనం ఒకరొకరే బండ్లెక్కి వెళ్ళిపోయారు. బట్టలు తొడిగిన పాసమ్‌లు బల్ల మీద అలాగే ఉండిపోయాయి. ఊనా గౌనును నీళ్ళలోంచి తీసి, వెలుతురుకేసి పట్టుకుంది. తెల్లగా ఉంది. మెడ చుట్టూ మరక జాడే లేదు. అది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

"పోయింది," అంది ఊనా. ఆ గొంతు అంత చిన్నగా పలకడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"పోలేదు," అంది కెరిన్. "మళ్ళీ ఉతుకు."

ఊనా ఆమె మొహంలోకి ఒకసారి చూసి, కుళాయి కిందికి వంగింది.